ఆరు పలకల గాలంకట్టె

నా ఎడమ కనుబొమ్మ మధ్యలో వెంట్రుకలు మొలవని చోటు ఒకటి ఉంది. గడ్డం గీసే మంగలి దగ్గర్నుంచి నాచారం కార్ఖానాలో నా పక్క మిషను మీద పనిచేసిన వాళ్ల దాకా అందరూ దాని గురించి అడిగినవాళ్లే. సైకిలు మీంచి పడ్డానని ఎవరికీ అబద్ధం చెప్పలేదు. మా బావ కొట్టాడు, మా నాయిన గాలంకట్టెతోనే కొట్టాడు, ఊరంతా చూస్తుండగా కొట్టాడు అని చెప్పాను.

మా ఇల్లు ఉప్పల్‌లో. మా నాయిన బొల్లారంలో ఒక ఇంగ్లీషు దొర బంగళాలో పన్నెండేళ్లు వంట చేశాడు. దొరలు దేశం విడిచి పోయేటప్పుడు ఆ దొర తన గాలంకట్టెను నాయిన చేతికిచ్చి పోయాడు. ఇది మా ఇంట్లో మాట. ఊళ్లో మాట వేరే. సామాన్లు సర్దే హడావిడిలో వంటవాడు చేతికందింది ఎత్తుకొచ్చాడని ఊరు అనుకునేది. నాయిన బతికున్నప్పుడు ఆ మాట ఎవరూ ఆయన మొహం మీద అనలేదు. ఆయన చేతి దెబ్బ ఎట్లా ఉంటుందో ఊరికి తెలుసు. ఆయన పోయిన ఏడేళ్లకు, అందరి ముందూ అన్నవాడు మా బావ.

బావ అంటే మా మేనత్త కొడుకు. తల్లి పోతే పసివాడుగా మా ఇంటికి వచ్చాడు. మా నాయిన పెట్టిన అన్నం తిని పెరిగాడు, మా అక్కనే పెళ్లి చేసుకున్నాడు, నేను పనిచేసే కార్ఖానాలోనే పనిచేశాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద, రెండింతలు బలం.

డెబ్బైల మొదట్లో ఒక ఎండాకాలం. వానలు లేక ఉప్పల్ చెరువు అడుగంటింది. చెరువు మీద హక్కున్నవాళ్లు వలలు వేసి తమకు కావలసింది పట్టుకుపోయాక, మిగిలింది ఎవరికి దొరికితే వారిదని చాటింపు వేయించేవారు. దాన్ని లూటీ అనేవాళ్లు. మూడు నాలుగు వందల మంది ఒక్కసారిగా బురదలోకి దిగేవారు. పక్కవాడి బుట్టలో చెయ్యి పెట్టడం, పెట్టినవాడి మెడ పట్టుకుని బురదలో ముంచడం, ఆడవాళ్లు జుట్లు పట్టుకోవడం, అన్నీ ఉండేవి. కొర్రమట్ట బురదలోంచి తల ఎత్తగానే నెత్తిన కట్టెతో కొట్టాలి. లేకపోతే చేతిలోంచి జారిపోతుంది. అందుకని ప్రతివాడి చేతిలో ఒక కట్టె. మధ్యాహ్నానికి బురద మీద నెత్తురు చారలు తేలేవి. అందులో చేపలదెంతో మనుషులదెంతో ఎవరూ చూసేవాళ్లు కాదు.

నేను మూడు కొర్రమట్టలు పట్టి బుట్టలో వేసుకున్నాను. తలెత్తి చూస్తే పది గజాల దూరంలో మా బావ, చేతిలో మా నాయిన గాలంకట్టె. అది మూడు ముక్కల కట్టె. సన్నటి కొన ముక్క ఇంట్లో వదిలేసి, కింది రెండు ముక్కలూ జోడించి, బిరడా చెక్క పిడి పట్టుకుని, చేప తల మీద బాదుతున్నాడు. ఒక దెబ్బకు చావకపోతే ఇంకొకటి. అల్లుడు అడిగితే మా అమ్మ కాదనలేక దూలం మీంచి దించి ఇచ్చిందని తరువాత తెలిసింది. నన్ను ఒక్క మాట అడగలేదు.

బురదలో పడుతూ లేస్తూ వెళ్లాను.

"బావా, అది కొట్టుకునే కట్టె కాదు. నాయినది. ఇటియ్యి."

"చేపల కోసం చేసిన కట్టెనే గదరా. చేపలనే కొడుతున్న," అన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను కట్టె పట్టుకుని లాగాను. ఆయన లాగాడు. నా మోచెయ్యి ఆయన నోటికి తగిలి పెదవి చిట్లింది. కావాలనే తగిలించాను. ఆయన నెత్తురు ఉమ్మి, అందరికీ వినబడేటట్టు అన్నాడు:

"మీ అయ్య దొర ఇంట్ల ఎత్తుకొచ్చిన కట్టెకు గింత పౌరుషమారా నీకు."

ఆ మాట పూర్తయ్యేలోపు కట్టె నా మొహం మీద పడింది. వెల్లకిలా పడ్డాను. కంట్లో నెత్తురు, నోట్లో బురద. లేవబోతే వీపు మీద రెండు. మళ్లీ లేవబోతే మెడ మీద కాలు. ఎవరో ఆయన్ను వెనక్కి లాగారు. నేను లేచి చూసుకునేసరికి నా బుట్ట ఖాళీ. ఆ మూడు కొర్రమట్టలు ఎవరు ఎత్తుకుపోయారో నాకు తెలుసు. ఆయన పేరు ఇక్కడ రాయను, కానీ ఆయన మనవల పెళ్లికి పిలిచినా నేను వెళ్లలేదు.

దెబ్బలు మానిపోతాయి. 'ఎత్తుకొచ్చిన' అన్న మాట మాత్రం మూడు నాలుగు వందల మంది విన్నారు. చనిపోయినవాడు లేచి వచ్చి జవాబు చెప్పలేడు. చెప్పవలసినవాణ్ణి నేను, నా దగ్గర జవాబు లేదు.

నాచారంలో కార్ఖానాల దగ్గర ఉన్న చిన్న దవాఖానాలో కంపౌండరు నాకు ఐదు కుట్లు వేశాడు. సూది దించుతూ అడిగాడు.

"దేనితోని కొట్టిండన్నా?"

"వెదురు కట్టె."

"కాదు. గుండ్రటి కట్టె అయితే తోలు నలిగి పగులుతది. గిది కోసినట్టుంది. వీపు మీద సూడు, ఒక్క దెబ్బకు రెండు గీతలున్నయి. అంచులున్న కట్టె అది."

అంతవరకు నేను దాన్ని వెదురు గడే అనుకున్నాను. ఇంటికి వెళ్లి, బావ మా అరుగు మీద పడేసిపోయిన ముక్కల్ని తెచ్చి, కడిగి, వేలితో తడిమి చూశాను. ఒకటి, రెండు, మూడు. ఆరు పలకలు. పిడి దగ్గర్నుంచి చివరిదాకా ఆరు. రెండు వేళ్ల ఎడం చొప్పున సన్నటి దారంతో చుట్లు. ముక్కను ముక్కలో దించడానికి తెల్లటి లోహపు గొట్టాలు. పిడికి పైన, మసి కింద, ఏవో ఇంగ్లీషు అక్షరాలు. ఒక చోట రెండు పలకల మధ్య గోరు దూరేంత సందు. నేను ఫిట్టరును. వెంట్రుకవాసి తేడా చెయ్యి పట్టేసే పని నాది. ముప్ఫై ఏళ్లు నిండే వయసులో, ఇంట్లో చిన్నప్పటినుంచీ ఉన్న వస్తువుకు ఎన్ని పలకలున్నాయో దెబ్బ తిన్నాకగానీ నాకు తెలియలేదు.

ఆ కంపౌండరే చెప్పాడు. సైనిక్‌పురిలో రిటైరైన సుబేదారు ఒకాయన ఉన్నాడని, గాలాల పిచ్చి అని, కొండల్లో పల్టన్ మెస్సులో ఉన్నప్పుడు దొరల గాలంకట్టెలు ఆయనే బాగుచేసేవాడని. ఆదివారం మూడు ముక్కలూ దుప్పట్లో చుట్టుకుని, తలకు కట్టుతో, సైకిలు మీద వెళ్లాను.

ఆయన కోస్తావాడు. పెరట్లో మంచం వాల్చుకుని కూర్చున్నాడు. దొరలు పోయేటప్పుడు మా నాయినకిచ్చిన కట్టె అని చెప్పి ముక్కలు ముందు పెట్టాను. ముందు నా తల వైపు చూశాడు, తరువాత కట్టె వైపు చూశాడు, నా తల గురించి ఏమీ అడగలేదు. ముక్కల్ని ఒడిలో పెట్టుకుని పలకలు లెక్కపెట్టాడు. గొట్టం దించి, చెవి దగ్గర పెట్టుకుని లాగాడు. టప్పుమని శబ్దం వచ్చింది. "ఇన్నేళ్లకీ గాలి చొరబడలేదు. మంచి పనివాడి చెయ్యి," అన్నాడు. కొన ముక్కను ఎండకు ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు. దాని చివర పెసరగింజంత రింగు, రింగులో ఎర్రరాయి. దారం అరక్కుండా ఆ రాయి పెడతారట. చివరికి కట్టెను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి నావైపు కోపంగా తిరిగాడు.

"ఆముదం పూశారా దీనికి?"

"మా అమ్మ పూస్తదండి. ఏటా వానలు పడేముందు, మిరుగు కార్తెకు. పూసి పొయ్యి మీద పొగకు కడతది. పురుగు పట్టొద్దని."

మా ఊళ్లో ప్రతి ఇంటా కట్టెకు జరిగే సేవే అది. నూనె పట్టిన కట్టె, పొగ తాగిన కట్టె విరగదని మా నమ్మకం.

"ఎవడు చెప్పాడయ్యా మీకు? ఇది గడ కాదు. వెదురును ఆరు బద్దలుగా చీరి, ఒక్కొక్కదాన్నీ చిత్రిక పట్టి, సరేసుతో అతికిన వస్తువు. వేడి తగిలితే సరేసు కరిగిపోతుంది. పాతికేళ్లుగా మీ అమ్మ దీన్ని వండుతోంది." అని, నా కుట్లు అప్పుడే చూసినట్టు, "దీనితోనే కొట్టారా?" అన్నాడు.

"అవునండి."

"మనిషిని కొట్టినందుకే ఈ సందు పడింది. పాపం," అన్నాడు. ఆ పాపం నాకు కాదు, కట్టెకు.

దూదిలో స్పిరిట్ ముంచి పిడి పైన తుడిచాడు. మసి పోయి అక్షరాలు బయటపడ్డాయి. తయారుచేసినవాడి ఊరు సగం, దొర పేరు సగం. దొర పేరు చదివి ఆయన దూది పక్కన పెట్టాడు.

"సొంతదారు పేరు రాయించుకున్నాడు. ఇష్టంగా చేయించుకున్న కట్టె. రెండో కొన ఏది?"

"రెండో కొన ఏందండి?"

"కొన సన్నటిది, విరుగుతుంది. అందుకని ఈ రకం కట్టెకు రెండు కొనలు చేస్తారు, జతగా. రెండూ ఉంటే మూడు వందలు పలుకుతుంది. ఒక్క కొనతో, ఈ సందుతో, చేపల నెత్తురుతో, నీ నెత్తురుతో, డెబ్బై." ముక్కల్ని నా దుప్పటి మీద పెట్టి చెయ్యి తుడుచుకున్నాడు. "వెల సంగతి అటుంచు. మీ నాన్నకు దొర ఇచ్చాడా, మీ నాన్నే తెచ్చుకున్నాడా?"

నేను లేచి నిలబడ్డాను. ఆయన కూర్చోమని సైగ చేసి చెప్పాడు.

"మెస్సులో నా కళ్లముందు రెండు కట్టెలు పోయాయి. దొరలు ఒక కొన తగిలించిన కట్టెను వరండాలో ఆనించి పెడతారు. రెండో కొనను తుపాకుల బీరువాలో పెట్టి తాళం వేస్తారు. దొంగకు వరండాలోదే దొరుకుతుంది. రెండుసార్లూ దొర చేతిలో రెండో కొన మిగిలింది. అది పట్టుకుని అరిచేవాడు. చేతికిచ్చి పంపిన కట్టె అయితే రెండు కొనలూ కలిసే వస్తాయి. నీ దగ్గర ఒక్కటే ఉంది. నేనేమీ అనను."

ఏమీ అననని అన్నదే నన్ను అన్నిటికంటే ఎక్కువ కాల్చింది.

ఇంటికొచ్చి అమ్మను అడిగాను, సన్నటిది ఇంకొకటి ఉండేదా అని. ఆమె చాటలో బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "తెల్వదు బిడ్డా. గా ముచ్చట ఇడిసిపెట్టు," అంది. తెలియనివాళ్లు అట్లా అనరు.

మరునాడు పొద్దుటి షిఫ్టు అయిపోయాక, నాచారం నుంచి ఉప్పల్ వచ్చే దారిలో రాళ్లగుట్ట దగ్గర బావ కోసం కాచుకున్నాను. చేతికి సైకిలు చైను చుట్టుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకోమని అడుగుదామని వెళ్లానని అక్కకు తరువాత చెప్పాను. నిజానికి అడగలేదు. ఆయన సైకిలు కనబడగానే ఎదురువెళ్లి చైనుతో భుజం మీద కొట్టాను. సైకిలుతో సహా పడ్డాడు. లేస్తూనే నా కడుపులో తలతో పొడిచాడు. ఇద్దరం రాళ్ల మధ్య దొర్లాం. నా తలను బండకేసి కొట్టాడు. కుట్లు రెండు తెగాయి. నేను ఆయన చెవి కొరికాను. ఆయన నా బొటనవేలు వెనక్కి విరిచాడు. మాటలు లేవు, రొప్పులే. ఆయన బోర్లా పడ్డప్పుడు మీదెక్కి చొక్కా కాలరు పట్టి లాగితే వీపు మీద నిలువునా చిరిగింది. చైను పైకెత్తాను.

కుడి భుజం ఎముక మీద జానెడు పాత గీత. తెల్లగా, దారం పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. రెండు వేళ్ల ఎడం చొప్పున దాని మీద చిన్న చిన్న ముడులు. చివర పెసరగింజంత సున్న, సున్న మధ్యలో చుక్క.

చైను దించాను.

మా ఇంట్లో తలుపు పైన మేకుకు ఒక బెత్తం వేలాడుతుండేది. సన్నగా, నల్లగా, దారపు చుట్లతో, చివర చిన్న రింగుతో. దొరబెత్తం అనేవాళ్లం. అది దేనిలో ముక్కో ఎప్పుడూ ఆలోచించలేదు. బెత్తం కొట్టడానికే పుడుతుంది అనుకునే వయసు. నాయిన వంటవాడు గనుక ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైనా ఆ బెత్తం తీసేవాడు, పలక పగిలినా తీసేవాడు. నన్ను పిక్కల మీద కొట్టేవాడు. బావను ఎక్కడ పడితే అక్కడ కొట్టేవాడు.

నాకు పదకొండేళ్లప్పుడు ఒకరోజు గాలంకట్టె ఎవరికీ చెప్పకుండా తీసుకుని నాచారం చెరువుకు పోయాను. పిడికి బిగించిన, దారం చుట్టే ఇత్తడి చక్రం నా చేతిలోనే ఊడి నీళ్లలో పడిపోయింది. కట్టెను తెచ్చి మళ్లీ దూలం మీద పెట్టాను. సాయంత్రం నాయిన చూశాడు. ఎవరు తీశారని అడిగాడు. నేను బావ వైపు చూపించాను. బావ, "నేను కాదు మామా," అన్నాడు. అబద్ధం కూడానా అని నాయిన చొక్కా విప్పించాడు. ఆ బెత్తం రెండు ముక్కలయ్యేదాకా కొట్టాడు. బావ మూడు రోజులు బోర్లా పడుకున్నాడు. ఆ తరువాత తలుపు పైన మేకు ఒక్కటే మిగిలింది.

రాళ్లగుట్ట మీద బావ లేచి కూర్చున్నాడు. చెవి నుంచి నెత్తురు మెడ మీదికి కారుతోంది.

"ఏం సూస్తున్నవ్?"

"నీ వీపు."

సుబేదారు చెప్పిందంతా చెప్పాను. రెండు కొనల సంగతి, తాళం వేసే బీరువా సంగతి. ఆయన విని, చాలాసేపు నవ్వాడు. నవ్వితే పెదవి మళ్లీ పగిలింది.

"అంటే మీ అయ్య దొంగ కాదని చెప్పనీకి నా వీపు సాక్ష్యం కావాల్నా."

చేతికి చుట్టుకున్న చైను విప్పి రాళ్లలో పడేశాను.

"వస్త. కల్లు కంపౌండుల, అందరి ముందట చెప్త. గని ఆ పొద్దు కట్టె ఎవరు తీసిండ్రో నువ్వు గూడ అక్కడ్నే చెప్పాలె."

"నీకు తెలుసా?"

"నీ కాళ్లకు చెరువు బురద ఉండెరా ఆ పొద్దు. మామ చూడలే. నేను చూసిన."

ముందు సైనిక్‌పురి వెళ్లాం. ఇద్దరి మొహాలూ చూసి సుబేదారు భార్య లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. బావ చొక్కా విప్పి వెనక్కి తిరిగాడు. సుబేదారు కొన ముక్కను ఆ గీత మీద ఆనించాడు. రింగు సున్న మీద కూర్చుంది. దారపు చుట్లు ముడుల మీద కూర్చున్నాయి. ఒక్కో చుట్టు దగ్గర వేలు పెట్టి, పెదవులు కదుపుతూ కిందిదాకా చూశాడు.

"అదే జత. ఒక చేతి పని," అన్నాడు. "చెయ్యి తియ్యండి సార్, మంట పుడుతుంది," అని బావ అన్నాకగానీ కట్టె తియ్యలేదు. వెల మాత్రం డెబ్బై దగ్గరే ఉంచాడు. మనిషి వీపు మీద ఉన్న కొనకు ధర కట్టలేనని అన్నాడు.

ఆ సాయంత్రం బావను మా అమ్మ ముందు కూర్చోబెట్టాను. ఆమె చిరిగిన చొక్కా చూసి ఇక దాచలేదు.

"ఇరిగిన రెండు ముక్కలు పొయ్యిల వెట్టిన," అంది. "గవాటి మీద కాగిన నీళ్లతోనే వాని వీపు కడిగిన."

ఆదివారం పగలు కల్లు కంపౌండు నిండి ఉంది. లూటీ రోజు చెరువులో ఉన్నవాళ్లు చాలామంది అక్కడే ఉన్నారు. బావ బల్ల మీద గాలంకట్టె పెట్టాడు. గొంతు పెంచకుండానే చెప్పాడు.

"మా మామను దొంగ అన్న. తప్పు. దొర కట్టె చేతికిచ్చిండు, రెండు కొనలతోని ఇచ్చిండు. ఒక కొన గిదో." చొక్కా పైకెత్తి వెనక్కి తిరిగాడు. "ఇంకోటి గిదో. దొంగతనం జేసెటోడు కాదు. కొట్టెటోడు." చొక్కా దించి నావైపు చూశాడు. "ఇగ నువ్వు చెప్పు."

చెరువు, చక్రం, వేలు చూపించడం, మూడూ చెప్పాను. మూడు ముక్కల్లో అయిపోయింది.

పక్క బల్ల మీద ఉన్న ఒకడు సీసా ఎత్తి, "అయితే తండ్రి కాదన్నమాట, కొడుకే దొంగ," అన్నాడు. కొందరు నవ్వారు.

బావ చేతిలోని కల్లు సీసా వాడి చెంప మీద పగిలింది. వాడు బల్లతో సహా వెనక్కి పడ్డాడు. వాడి తమ్ముడు లేస్తే బావ గాలంకట్టె పిడి అందుకున్నాడు. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. "దాంతోని వద్దు," అన్నాను. ఆయన కట్టె నా చేతికిచ్చి పిడికిలితో కొట్టాడు.

"మా ఇంటి ముచ్చట మేం మాట్లాడుకుంటున్నం," అన్నాడు, చేతి నుంచి గాజుపెంకు తీసుకుంటూ.

నాయిన మీది మాట ఆ రోజుతో పోయింది. మళ్లీ ఎవరూ అనగా నేను వినలేదు. లూటీలో మా చుట్టూ ఉండి ఆ మాట విన్నవాళ్లలో కంపౌండుకు ఆ రోజు రానివాళ్లు పదకొండు మంది ఉన్నారు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి చెప్పి వచ్చాను. ఇద్దరు నాకు కూర్చోమని కూడా చెప్పలేదు. అది గుర్తుంది.

గాలంకట్టె అమ్మలేదు. నూనె, పొగ మానేశాం. సందు పడ్డ చోట సుబేదారు సరేసు పెట్టి దారం చుట్టి ఇచ్చాడు. ఇప్పుడది నా గదిలో గోడకు ఉంది. నాకు పడిన ఐదు కుట్ల గురించి మా బావ ఈ రోజు వరకు ఒక్క మాట అనలేదు. అడగాలని చాలాసార్లు అనుకున్నాను. ఎండాకాలం ఆయన చొక్కా విప్పి అరుగు మీద కూర్చుంటే అడగలేకపోయాను.

కనుబొమ్మ గురించి మాత్రం జనం ఇంకా అడుగుతూనే ఉన్నారు. పూర్వం లూటీ దగ్గర మొదలుపెట్టి చెప్పేవాణ్ణి. ఇప్పుడు నాచారం చెరువులో పడిపోయిన ఇత్తడి చక్రం దగ్గర మొదలుపెడుతున్నాను. చాలామంది సగంలోనే లేచి వెళ్లిపోతారు.